తుంటి ఎముక విరిగితే రాడ్డు ఎందుకు వేస్తారు? (ఒక మెకానిక్స్ పాఠం)



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగారు. నేను ప్రస్తుతం ఎం.టెక్.లో మెషిన్ డిజైన్ చదువుతున్నాను. నా ప్రాజెక్టు తుంటి ఎముక విరిగినప్పుడు అమర్చే ఇనుప సామాను మీద పడే బలాల గురించి. ఇంజనీరుకు ఎముకలతో పనేమిటని మీరు అనుకోవచ్చు. ఈ వ్యాసం పూర్తయ్యేసరికి ఆ సందేహం తీరుతుందని నా నమ్మకం. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సు చదివిన ప్రతి ఒక్కరికీ ఇది అర్థమవుతుంది. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళకు కూడా తులాదండం లెక్క వస్తే చాలు.

1. ఒంటికాలి లెక్క

ముందుగా ఒక ప్రశ్న. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డాడు. అతని తుంటి కీలు మీద ఎంత బరువు పడుతుంది? 60 కిలోలని చాలామంది చెబుతారు. లెక్క కట్టి చూద్దాం. (బలాన్ని ఇక్కడ కిలోల బరువులోనే చెబుతున్నాను. న్యూటన్లలో కావాలంటే 9.8తో గుణించుకోండి.)

నిలబడిన కాలి బరువు కీలుకు కింద ఉంటుంది కాబట్టి దాన్ని తీసివేయాలి. ఒక కాలు మొత్తం శరీర బరువులో సుమారు ఆరోవంతు. అంటే 10 కిలోలు పోగా కీలు మోయవలసింది 50 కిలోలు. అయితే ఈ 50 కిలోలు సరిగ్గా కీలు పైన లేవు, శరీరం మధ్య వైపున ఉన్నాయి. కీలు నుండి ఆ దూరం సుమారు 10 సెంటీమీటర్లు అనుకుందాం. ఇలా ఉంటే మనిషి రెండో వైపుకు ఒరిగిపోవాలి కదా! ఒరిగిపోకుండా తుంటికి బయటి వైపున్న కండరాలు కిందికి లాగి పట్టుకుంటాయి. కీలు నుండి ఆ కండరాల దూరం సుమారు 5 సెంటీమీటర్లే.

కీలును ఆధార బిందువు అనుకుంటే ఇది అచ్చంగా తులాదండమే.

శరీరం వైపు భ్రామకం: 50 × 10 = 500
కండరం వైపు భ్రామకం: కండర బలం × 5 = 500
కాబట్టి కండర బలం = 100 కిలోలు.

త్రాసు ముల్లు మీద రెండు తట్టల బరువూ పడుతుంది. అలాగే కీలు మీద 50 + 100 = 150 కిలోలు పడతాయి. అంటే శరీర బరువుకు రెండున్నర రెట్లు! కండరం కొంచెం ఏటవాలుగా లాగుతుంది కాబట్టి అసలు లెక్క ఇంకొంచెం పెద్దది. ఈ విధమైన విశ్లేషణను జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ పావెల్స్ అనే ఎముకల వైద్యుడు గత శతాబ్దం మొదటి సగంలోనే చేశాడు. తరువాతి కాలంలో బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటి కీలులోనే కొలిచే పరికరం అమర్చి, రోగులు నడుస్తుండగా బలాన్ని కొలిచింది. మామూలు నడకలో శరీర బరువుకు రెండున్నర రెట్ల ప్రాంతంలో వచ్చింది. కాలు తట్టుకుని తూలినప్పుడు ఏడు రెట్లు కూడా దాటింది. చేతి లెక్కా, కొలతా ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. ఫిజిక్సు గొప్పతనం ఇదే.

ఇదే లెక్కతో చేతికర్ర సంగతి కూడా తేలుతుంది. నొప్పి ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో కర్ర పట్టుకుని 5 కిలోల బరువు మాత్రం మోపండి. కీలు నుండి కర్ర దూరం 40 సెంటీమీటర్లు అనుకుంటే అది ఇచ్చే భ్రామకం 200. 500లో 200 పోతే 300 మిగులుతుంది. కండరం 60 కిలోల బలంతో లాగితే సరిపోతుంది. కీలు మీద బరువు 50 – 5 + 60 = 105 కిలోలు. కర్ర మీద మోపింది 5 కిలోలు, కీలుకు తగ్గింది 45 కిలోలు! ఊళ్ళో పెద్దవాళ్ళు నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకోవడం చూస్తుంటాం. అలా పట్టుకుంటే ఈ లాభం రాదు. ఎదుటి చేతిలోకి మార్చమని చెప్పండి.

2. ఎముకలో దాగి ఉన్న క్రేన్

తొడ ఎముక పై భాగం వీధి దీపపు స్తంభంలా ఉంటుంది. నిలువు స్తంభం తొడ ఎముక కాడ. దాని నుండి సుమారు 125 నుండి 135 డిగ్రీల కోణంలో పక్కకు వెళ్ళే చెయ్యి ‘మెడ’. మెడ చివర గుండ్రని ‘తల’ కటి ఎముక గిన్నెలో కూర్చుంటుంది. మెడ, కాడ కలిసే చోట బయటి వైపు పెద్ద గడ్డ, లోపలి వైపు చిన్న గడ్డ ఉంటాయి. వీటిని ట్రొకాంటర్లు అంటారు. కండరాలు పట్టుకునేది వీటినే.

దీపపు చెయ్యి చివర బరువు వేలాడదీస్తే చెయ్యి పై అంచు సాగుతుంది, కింది అంచు నొక్కుకుపోతుంది. ఎముక మెడలోనూ అంతే. 1866 ప్రాంతంలో జ్యూరిక్ నగరంలో కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసరు, శరీర నిర్మాణ శాస్త్రవేత్త వాన్ మేయర్ కోసి చూపిన తొడ ఎముకను చూశాడు. లోపలి సన్నని ఎముక పోగుల వరుసలు, తాను క్రేనుకు గీసే ప్రతిబల రేఖల్లాగే ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. బలం ఎటు పడితే ఎముక అటు గట్టిపడుతుందని 1892లో జూలియస్ వోల్ఫ్ సూత్రీకరించాడు. ముసలితనంలో ఈ పోగులు ఒక వరుసలో పలచబడుతూ మాయమవుతాయి. ఎక్స్‌రేలో ఏ పోగులు మిగిలాయో చూసి ఎముక బలాన్ని ఆరు తరగతులుగా అంచనా వేసే పద్ధతిని 1970లో మన దేశానికి చెందిన సింగ్, నాగరథ్, మైనీ అనే వైద్యులు ప్రచురించారు. ‘సింగ్ సూచిక’ అనే పేరుతో అది ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఉంది. మనం గర్వించదగిన విషయం.

3. ఎక్కడ విరిగింది?

ముసలివారిలో తుంటి ఎముక విరగడానికి ఎక్కువగా కారణం పెద్ద ప్రమాదాలు కావు. నిలబడిన ఎత్తు నుండి పక్కకు పడటమే. విరిగిన చోటును బట్టి వైద్యం మారుతుంది. ముఖ్యంగా రెండు రకాలు.

(అ) మెడ విరగడం: ఇది కీలు సంచి లోపలి విరుగుడు. తలకు వెళ్ళే రక్తనాళాలు ముఖ్యంగా మెడ మొదటి నుండి మెడను అంటిపెట్టుకుని పైకి పాకుతాయి. మెడ విరిగి పక్కకు జరిగితే అవి తెగిపోవచ్చు. అప్పుడు ఎముక అతకకపోవచ్చు. అతికినా తల రక్తం అందక చచ్చుబడి కూలిపోవచ్చు. ఎముక ఎంత జరిగిందో చూసి నాలుగు తరగతులుగా చెప్పే పద్ధతిని గార్డెన్ 1961లో ఇచ్చాడు.

(ఆ) ట్రొకాంటర్ల దగ్గర విరగడం: ఇది సంచి బయట. ఇక్కడ రక్తానికి లోటు లేదు కాబట్టి ఎముక అతుకుతుంది. కానీ కండరాలు తలా ఒక వైపు లాగడం వల్ల వంకరగా అతుకుతుంది. అంటే మొదటిదాంట్లో సమస్య రక్తం, రెండోదాంట్లో సమస్య బలాలు.

మెడ విరిగినప్పుడు విరుగుడు గీత వాలు కూడా ముఖ్యం. పావెల్స్ 1935లో చెప్పింది ఇదే. వాలు తలం పాఠం గుర్తు చేసుకోండి. సులభంగా ఉండేందుకు 150 కిలోల బలం నిట్టనిలువుగా పడుతోందనుకుందాం. గీత నేలకు 30 డిగ్రీల వాలులో ఉంటే రెండు ముక్కలనూ నొక్కే బలం 150 × కాస్ 30 = 130, జారగొట్టే బలం 150 × సైన్ 30 = 75. నొక్కే బలం ఎక్కువ, అది అతకడానికి మంచిది. అదే వాలు 70 డిగ్రీలైతే నొక్కే బలం 51, జారగొట్టే బలం 141. ఒక ముక్క మీది నుండి మరొకటి జారిపోతుంది. జారగొట్టే ఈ బలాన్నే మా పుస్తకాల్లో షియర్ అంటారు. మనిషి అదే, బరువు అదే. గీత వాలు మారినందుకే వైద్యం కష్టమైపోయింది.

4. కట్టు ఎందుకు చాలదు?

చెయ్యి విరిగితే కట్టు కడతారు, అతుకుతుంది. తుంటికి కూడా కట్టు కడితే పోదా అని మన ఊళ్ళలో అడుగుతారు. కట్టు పనిచేయాలంటే విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న రెండు ముక్కలనూ బయటి నుండి పట్టుకోగలగాలి. తుంటి దగ్గర పై ముక్క కటి గిన్నెలో, దట్టమైన కండరాల లోపల ఉంది. దాన్ని ఏ బద్దా పట్టుకోలేదు. పైగా పడుకుని ఉన్నా కండరాలు లాగుతూనే ఉంటాయి. అందుకే విరిగిన కాలు పొట్టిదై, పాదం బయటికి తిరిగి కనిపిస్తుంది. ఇందులో కట్టు కట్టేవారి చేతివాటం లోపం ఏమీ లేదు. ఆ చోటు అలాంటిది.

పోనీ, మూడు నెలలు మంచం మీద పడుకోబెడితే? పూర్వం బరువులు కట్టి అలాగే చేసేవారు. పడుకోబెట్టడం వల్ల వచ్చేవి: పడక పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టడం, మూత్రం ఇన్ఫెక్షన్. ఎముక కంటే ఇవే మనిషిని తీసుకుపోతాయి.

మా ఇంట్లోనే ఇది జరిగింది. నేను ఇంటర్ చదువుతుండగా మా నాయనమ్మ పెరట్లో జారిపడింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి తుంటి విరిగిందన్నారు. “ఈ వయసులో కోతలెందుకు, ఉన్నన్నాళ్ళు ఇంట్లోనే చూసుకుందాం” అని పెద్దలంతా కూర్చుని తీర్మానించారు. డబ్బు భయం ఉంది, ఆపరేషన్ భయం ఉంది. అంతకంటే, ఆపరేషన్ ఎందుకో విడమరచి చెప్పేవారు మాకు లేరు. మా ఇంట్లో అప్పటికి పది దాటి చదివింది నేనే. కూలికి పోయే మా అమ్మ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నాయనమ్మను పక్కకు తిప్పేది. నడుముకు పుండు పడింది. నాలుగు నెలలకు వెళ్ళిపోయింది. ఎవరూ ప్రేమ లేక చేసింది కాదు. ‘ముసలివారికి ఆపరేషన్ ఎందుకు’ అనే మాట ప్రేమగానే అంటారు. కానీ ఈ ఆపరేషన్ ముఖ్య ఉద్దేశం ఎముకను అందంగా అతికించడం కాదు. మనిషిని మంచం మీది నుండి లేపడం. ముసలివారికే అది ఎక్కువ అవసరం.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోజున గానీ మరునాడు గానీ ఆపరేషన్ చేయాలి. ఆ తరువాతి రోజే నడిపించడం మొదలుపెట్టాలి. 2020లో 17 దేశాల్లో 2970 మంది రోగులతో జరిగిన అధ్యయనం ఒకటి ప్రచురితమైంది. రోగనిర్ధారణ అయిన సుమారు 6 గంటల్లో ఆపరేషన్ చేసినా, ఒక రోజులో చేసినా మరణాల్లో తేడా రాలేదు. త్వరగా చేసినవారు త్వరగా లేచి నిలబడ్డారు, మతి తప్పడం తగ్గింది. అంటే గంటల తేడాకు కంగారు పడనక్కరలేదు గానీ, వారాల తరబడి ఆలోచిస్తూ కూర్చోవడం మాత్రం మంచిది కాదు.

5. స్థిరత్వానికి ఐదు కారణాలు

అమర్చినది నిలబడుతుందా, ఊడుతుందా అనేది ఐదు విషయాల మీద ఆధారపడుతుందని 1980లో హెర్బర్ట్ కాఫర్ రాశాడు. అవి: 1. ఎముక నాణ్యత, 2. విరిగిన ముక్కల ఆకారం, 3. ముక్కలను తిరిగి చేర్చిన తీరు, 4. అమర్చిన సామాను డిజైన్, 5. దాన్ని అమర్చిన చోటు. మొదటి రెండూ రోగితో పాటు వచ్చేవి. చివరి మూడూ సర్జన్ చేతిలో ఉన్నవి. ఈ చివరి మూడింటిని కొంచెం వివరంగా చూద్దాం.

చేర్చిన తీరు: ముక్కలను సరైన కోణంలో చేర్చాలి. మెడ కోణం 130 నుండి 115కు వంగిపోతే తల మరింత పక్కకు జరిగి, బలం దూరం పెరుగుతుంది. భ్రామకం పెరిగి స్క్రూ మీద ఒత్తిడి ఎక్కువవుతుంది. చిన్న ట్రొకాంటరు ఉన్న లోపలి వైపు ఎముక ముఖ్యమైన ఆసరా. అక్కడ ముక్కలైతే, కింద ఊతకర్ర తీసేసిన చూరులాగా మెడ లోపలికి కుంగుతుంది. అందుకే అలాంటి వాటిని అస్థిరమైనవి అంటారు. 1949లోనే ఎవాన్స్ ఈ స్థిర, అస్థిర భేదం చూపించాడు.

సామాను డిజైన్: బోస్టన్‌కు చెందిన స్మిత్-పీటర్సన్ 1925లో మూడు రెక్కల మేకును మెడలోకి కొట్టి ఈ వైద్యానికి దారి వేశాడు. ఈనాడు వాడేవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది, మూడు బోలు స్క్రూలు. జరగని మెడ విరుగుడుకు, వయసులో ఉన్నవారికి వాడతారు. తలకిందులైన త్రిభుజంలా అమర్చుతారు. కింది స్క్రూ మెడ అడుగున గట్టి ఎముకను ఆనుకుని ఉండాలి.

రెండవది, జారే స్క్రూతో కూడిన ప్లేటు. దీన్ని డీహెచ్ఎస్ అంటారు. లావు స్క్రూ ఒకటి తలలో ఉంటుంది. దాని కాడ ప్లేటు గొట్టంలో జారుతుంది. బరువు పడినప్పుడు పై ముక్క జారి కింది ముక్క మీద కూర్చుంటుంది. ఎముకే బరువు మోస్తుంది. పాతకాలపు జారని మేకు-ప్లేటులో ఈ వీలు లేక, మేకు విరగడమో తలను చీల్చుకుని బయటికి రావడమో జరిగేది.

మూడవది, ఎముక బోలులోకి దించే రాడ్డు. ప్లేటు ఎముకకు బయటి పక్కన ఉంటుంది, రాడ్డు మధ్యలో ఉంటుంది. ఉదాహరణకు 150 కిలోల బలం ప్లేటుకు 6 సెంటీమీటర్ల దూరంలో పడితే భ్రామకం 900. రాడ్డుకు దూరం 4 సెంటీమీటర్లయితే 600 మాత్రమే. అస్థిరమైన విరుగుళ్ళకు రాడ్డు మేలనడానికి కారణం ఇదే. ఇంకొకటి. కొన్నిసార్లు గీత మామూలుకు వ్యతిరేక దిశలో, లోపలి వైపు పైన మొదలై బయటి వైపు కిందికి దిగుతుంది. అక్కడ ప్లేటు స్క్రూ జారితే ముక్కలు దగ్గర కావు, విడిపోతాయి. అలాంటప్పుడు రాడ్డే వాడాలి.

నాలుగవది, తల మార్పిడి. ముసలివారిలో మెడ విరిగి పూర్తిగా జరిగిపోతే, రక్తం లేని తలను అతికించడానికి తంటాలు పడకుండా లోహపు తల పెడతారు. లేదా గిన్నెతో సహా మారుస్తారు. ఆధునిక పూర్తి తుంటి మార్పిడికి 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ బాట వేశాడు.

అమర్చిన చోటు: స్క్రూ కొన తల మధ్యలో, శిఖరానికి దగ్గరగా ఉండాలి. ముందు నుండి తీసిన ఎక్స్‌రేలోనూ, పక్క నుండి తీసిన ఎక్స్‌రేలోనూ కొనకూ తల శిఖరానికీ ఉన్న దూరాలు కొలిచి కూడాలి. 1995లో బామ్‌గార్ట్‌నర్ బృందం చేసిన అధ్యయనంలో ఈ మొత్తం 25 మిల్లీమీటర్ల లోపు ఉన్న 120 స్క్రూల్లో ఒక్కటి కూడా తలను చీల్చుకుని బయటికి రాలేదు. చూశారా, స్కేలుతో కొలిచే ఒక కూడిక ఇందరు ముసలివారిని రెండో ఆపరేషన్ నుండి కాపాడుతోంది!

ఖరీదైన సామాను వేస్తే చాలునని అనుకోకూడదు. మెడ విరుగుళ్ళలో జారే స్క్రూనూ మామూలు స్క్రూలనూ పోల్చుతూ వెయ్యిమందికి పైగా రోగులతో జరిగిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. రెండేళ్ళలో మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరికి ఏది, ఎలా అమర్చారన్నదే ముఖ్యం.

6. ఎముకకూ లోహానికీ పందెం

ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే కొంతసేపటికి తెగుతుంది. దీన్ని ఫెటీగ్ అంటారు. రోగి రోజుకు 2000 అడుగులు వేస్తే ఒక్కో కాలికి 1000. వంద రోజులకు లక్ష సార్లు రాడ్డు వంగి లేస్తుంది. ఈలోపు ఎముక అతికితే బరువును అది తీసుకుంటుంది. అతకకపోతే ఎంత గట్టి లోహమైనా ఒకనాటికి విరుగుతుంది. కాబట్టి రాడ్డు శాశ్వతమైన స్తంభం కాదు. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద పెట్టే సెంట్రింగ్ వంటిది. కాంక్రీటు గట్టిపడేదాకా మోయడం దాని పని.

మరి బాగా లావు రాడ్డు వేస్తే సరిపోదా? గుండ్రని కడ్డీ వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల కడ్డీ కంటే 12 మిల్లీమీటర్లది రెండింతలు గట్టిది. అయితే మరీ గట్టిదైతే బరువంతా లోహమే మోసి, పని లేని ఎముక పలచబడుతుంది. వోల్ఫ్ చెప్పిన సూత్రమే మళ్ళీ! గట్టి ఎముక యంగ్ గుణకం సుమారు 17 నుండి 20 గిగాపాస్కల్స్, టైటానియం మిశ్రమానిది సుమారు 110, స్టెయిన్‌లెస్ స్టీలుది సుమారు 200. టైటానియం వాడటానికి ఇది ఒక కారణం.

7. మనం చేయగలిగినవి

1. ఇంట్లో పెద్దవారు పడి, కాలు పొట్టిదై పాదం బయటికి తిరిగితే, లేదా గజ్జల్లో నొప్పితో కాలు ఎత్తలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కొందరు ఎముక విరిగినా కొన్ని అడుగులు నడవగలరు. నడిచారు కదా అని వదిలేయకండి. కాలు లాగడం, తోమడం చేయవద్దు.
2. ఆపరేషన్ వద్దనే ముందు డాక్టరుగారిని రెండు ప్రశ్నలు అడగండి: విరిగింది మెడ దగ్గరా, ట్రొకాంటర్ల దగ్గరా? ఆపరేషన్ అయ్యాక ఎన్నో రోజు లేపి నిలబెడతారు?
3. ఖర్చు విషయంలో ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. సిగ్గుపడవద్దు.
4. ఒకసారి విరిగినవారికి మళ్ళీ విరిగే ప్రమాదం ఎక్కువ. ఎముకల బలానికి మందులున్నాయి, డాక్టరుగారిని అడగండి.
5. పడకుండా చూడటం అన్నిటికంటే చౌక. స్నానాల గది ముందు పాచి గీకండి. రాత్రి దారిలో చిన్న బల్బు పెట్టండి. జారే గోనెపట్టా తీసేయండి.

తమ్ముళ్ళూ, ‘ఈ తులాదండం లెక్కలు ఎందుకు నేర్వాలి’ అని ఎనిమిదో తరగతిలో మా గది మిత్రులం నవ్వుకునేవాళ్ళం. అవి ఎక్కడ పనికొస్తాయో ఇప్పుడు మీకు తెలిసింది. ఈ రంగంలో పనిచేయడానికి డాక్టరే కానక్కరలేదు. ఫిజియోథెరపీ ఉంది, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ కోర్సులున్నాయి. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలోనూ, ఐఐటీ హైదరాబాదులోనూ బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగాలున్నాయి. మీ ఇంట్లో మొదట చదువుకున్నవారు మీరే అయితే, రేపు ఆసుపత్రి వరండాలో అందరూ “నువ్వే చెప్పరా, ఏం చేద్దాం” అని మీ వైపే చూస్తారు. ఆ రోజుకు సిద్ధంగా ఉండండి.

చివరగా మీకొక లెక్క: 72 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే తుంటి కీలు మీద పడే బరువు ఎంత? ఎదుటి చేతి కర్ర మీద 6 కిలోలు మోపితే ఎంతకు తగ్గుతుంది? దూరాలు పైన చెప్పినవే తీసుకోండి. (జవాబులు: 180 కిలోలు, 126 కిలోలు.)

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.టెక్. (మెషిన్ డిజైన్), ద్వితీయ సంవత్సరం